ఒరిజినల్ జీపు కొనకండి

పాత జీపు పికప్పు కొందామని బయల్దేరిన వాళ్ళకి ఎవరైనా చెప్పే మాట ఒకటే. కంపెనీ నుంచి వచ్చినవేవో, తర్వాత బిగించినవేవో చూసుకో, బిగించినవన్నీ పీకించి కంపెనీ రూపానికి తెచ్చుకో అని. ఇందులో మొదటి సగం మంచి సలహా. రెండో సగాన్ని మాత్రం గోదావరి దాటనివ్వకండి.

ఏ ముక్క ఎప్పుడు చేరిందో పట్టుబట్టి తేల్చుకోండి. తేలాక, తర్వాత చేరిన ముక్కకే ఎక్కువ ధర కట్టండి. ఒకే ఏడాది జీపులు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి కంపెనీ దించినట్టే ఉంది, రెండోదానికి రావులపాలెం అరటిగెలల కోసం కట్టిన కర్ర తొట్టి ఉంది. రెండోదే కొనండి. పాతబండ్ల సరదా ఉన్నవాళ్ళు దీన్ని తలకిందుల సలహా అంటారు. అననివ్వండి. మన బండ్లను వాళ్ళ కొలబద్దతో కొలిచి, యాభై ఏళ్ళ పనిమంతుల పనిని పాత ఇనుము కొట్టుకి తోలేస్తున్నాం. నాకు కడుపుమంట అక్కడే.

కంపెనీ ఇచ్చింది ఎంత?

అమెరికాలో ఈ వెతుకులాటకి అర్థం ఉంది. 1947 నుంచి 1955 దాకా వచ్చిన షెవ్రొలే పికప్పుకి క్యాబిన్ వెనక మూలల్లో వంపు అద్దాలు కావాలంటే అదనంగా డబ్బు కట్టి ఫ్యాక్టరీలోనే పెట్టించుకునేవారు. ఆ అద్దాలున్న బండికి ఇప్పుడు గిరాకీ గనక, మామూలు క్యాబిన్ మూలలు కోసి అద్దాలు పెట్టేవాళ్ళూ ఉన్నారు. 1967 తర్వాతి జనరల్ మోటార్స్ పికప్పులకైతే, ఫ్యాక్టరీలో ఏమేం బిగించారో ఆ జాబితా డ్యాష్‌బోర్డు అరలో అంటించి ఉంటుంది. అక్కడ కొనేవాడు ‘ఇది ఫ్యాక్టరీదా, తర్వాతదా’ అని అడగడం న్యాయం.

మన రైతుకి అంత ఎంపిక ఎక్కడిది? మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపు విడిభాగాలు ఓడల్లో తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు, తర్వాత ఇక్కడే తయారు చేశారు. కొనేవాడు వరసలో నిలబడి, వాళ్ళిచ్చింది పుచ్చుకున్నాడు. ఊరికి తెచ్చుకున్నాక తన పనికి తగ్గట్టు మార్చుకున్నాడు.

లారీల సంగతి ఇంకా స్పష్టం. టెల్కో 1954లో డైమ్లర్-బెంజితో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. మద్రాసు ఎన్నూరులో లేలాండు, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళ డాడ్జి, ఫార్గో. వీటిలో చాలావరకు ఫ్యాక్టరీ గేటు దాటేసరికి చాసిస్సు, ఇంజను, ముందు ముఖం మాత్రమే ఉండేవి. డ్రైవరు తలగుడ్డ చుట్టుకుని, ఎండలో వానలో ఆ అస్థిపంజరాన్నే తోలుకొచ్చేవాడు. క్యాబినూ తొట్టీ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కట్టేవారు. అలాంటి బండిలో తర్వాతి మార్పులన్నీ తీసేస్తే మిగిలేది చక్రాల మీద రెండు ఇనుప దూలాలు. దాన్ని ‘అసలు రూపం’ అని ఎలా అంటాం?

లారీల దగ్గర ఆగాం గనక ఒక గుర్తు చెబుతాను. టెల్కోకీ డైమ్లర్-బెంజికీ ఒప్పందం 1969లో ముగిసింది, ముందు ముఖం మీద మూడు కోణాల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. 1972 రిజిస్ట్రేషను బండి ముఖాన ఆ నక్షత్రం కనిపిస్తే అది ఫ్యాక్టరీది అయ్యే వీల్లేదు. యజమాని కావాలని పెట్టుకున్నదే. దాన్ని పీకకండి. బెంజి లారీ అంటే ఊళ్ళో ఉన్న గౌరవం అందులో ఉంది.

స్పానరు, వేలు, కళ్ళు

బేరానికి వెళ్ళేటప్పుడు రెండు స్పానర్ సెట్లు పట్టుకెళ్ళండి, ఇంచి సెట్టు ఒకటి, ఎం.ఎం. సెట్టు ఒకటి. విల్లీస్ జీపు అమెరికా కొలతల బండి. దాని బోల్టులు ఇంచి తలలవి, మహీంద్రా ఇక్కడ తయారు చేసినప్పుడూ ఆ కొలతలే ఉంచింది. ప్యూజో డీజిలు ఇంజను వచ్చాక ఇంజను వైపు ఎం.ఎం. బోల్టులు చేరాయి. అందుకని 1960ల బాడీ మీద 14 ఎం.ఎం. స్పానరు పట్టిందంటే ఆ బోల్టు తర్వాతది. కంపెనీ వాడిన 9/16 ఇంచి తల మీదకి 14 దిగదు. 13ని మాత్రం నమ్మకండి, అది అర ఇంచి తలని కూడా కాస్త వదులుగా పట్టేసుకుంటుంది.

తేలిన ఎం.ఎం. బోల్టుల పక్కన సుద్దముక్కతో గీత పెట్టండి. ఆ గీతలు ఎక్కడ గుంపుగా పడ్డాయో అక్కడ మన మేస్త్రీ పని జరిగింది. అక్కడ ఏ బోల్టూ విప్పవద్దు.

తర్వాత వేలితో తడమండి. ఫ్యాక్టరీలో రేకుని రేకుకి స్పాట్ వెల్డింగుతో కలుపుతారు, చిన్న గుండ్రటి నొక్కులు ఒకే ఎడంతో వరసగా ఉంటాయి. మన గ్యాసు వెల్డింగు కట్టు ఉబ్బి, అలలు అలలుగా సాగుతుంది. పైన ఎంత పెయింటు ఉన్నా చేతికి తెలిసిపోతుంది. టింకరింగు షాపులో ఆ ఉబ్బుని గ్రైండరుతో చదును చేసి లప్పం పూస్తామంటారు. ఒప్పుకోకండి. నాలుగు చోట్ల ఆ కట్టు చూశారంటే ఐదో చోట ఒకరి చెయ్యా ఇద్దరిదా అన్నది మీరే చెప్పగలరు. చదును చేశాక ఆ ఆధారం పోయినట్టే.

ఇక ముఖం. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపు ముఖానికి తొమ్మిది నిలువు గాడులుంటాయి, యుద్ధం తర్వాత మామూలు జనానికి చేసిన సీజే జీపులకి ఏడు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగిన సీజే-3బీకి బానెట్టు ఎత్తు, ఎందుకంటే హరికేన్ ఇంజను అంతకు ముందు దానికన్నా ఎత్తైనది. ఎత్తు బానెట్టు కింద తొమ్మిది గాడుల ముఖం ఉంటే రెండు బండ్లు కలిసి ఒకటైనట్టు. యుద్ధకాలపు జీపుకి స్టీరింగు ఎడమ వైపు. దాన్ని కుడికి మార్చితే, ఇంజనుకీ డ్రైవరు కాళ్ళకీ నడుమ ఉండే రేకు గోడలో ఎడమ పక్కన పాత రంధ్రాన్ని మూసిన పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ కనిపించిన బండిని వదలకండి. అమెరికా సైన్యం కోసం పుట్టిన బండిని మన రోడ్డుకి ఒప్పించిన పని అది.

తొట్టిని చదవండి

అసలు సంగతి ఇక్కడుంది, తొందరపడకండి. సగం రోజు తొట్టికే కేటాయించండి.

మొదట కర్ర చూడండి. మన్యం కలప ఒకప్పుడు తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రికి దిగేది, ఊళ్ళో కలప అడితీలు అలా వెలిశాయి. ఎడ్లబండికీ పడవకీ వాడిన నల్లమద్ది, ఏగిస లాంటి గట్టి కర్రే బండి తొట్టికీ వచ్చింది. కంపెనీ తొట్టి రేకుది. రేకు నేల మీద కర్ర పరిచి ఉంటే, దాని కింద రేకు బాగానే ఉందా అని కర్ర ఊడదీసి చూడాలనిపిస్తుంది. చూడకండి. కర్రని బిగించిన మేకులు ఒకసారి లేస్తే మళ్ళీ అంత గట్టిగా కూర్చోవు. కింది నుంచి పాకి టార్చిలైటు వేసి చూస్తే చాలు.

ఆ తర్వాత ఈ తొట్టి ఏం మోసిందో తేల్చండి. సరుకుని బట్టి తొట్టి మారింది గనక, సరుకు తెలిస్తే మార్పు ఎందుకు జరిగిందో తెలుస్తుంది, చాలాసార్లు ఎప్పుడు జరిగిందో కూడా తెలుస్తుంది.

రావులపాలెం బజారుకి అరటి మోసిన తొట్టికి పక్కలు ఎత్తు, పట్టీల మధ్య గాలి ఆడేంత ఎడం. కర్ర మీద నల్లటి మరకలుంటాయి. అరటి పసరు బట్టకి అంటితేనే పోదు, కర్రకి అంటితే ఇక చెప్పేదేముంది. ఇసక కాగితంతో రుద్ది, వార్నీషు కొట్టి అమ్మేవాళ్ళు ఆ మరకల్ని మురికి అనుకుంటారు. ఈ బండి ఏ పని చేసిందో చెప్పే సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు, మరక ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

అంబాజీపేట, పాలకొల్లు వైపు కొబ్బరికాయ రాశిగా పోసేవారు. రాశి బరువుకి పక్కలు బయటికి తోసుకుపోతాయి, అందుకని తొట్టికి అడ్డంగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి గొలుసు కడతారు. ఆ గొలుసు కొక్కేలు ఉన్నాయా, వాటి చుట్టూ రేకు ఒరుసుకుపోయిందా చూడండి. ఒరిపిడి లేకుండా కొక్కెం ఒక్కటే ఉంటే అమ్మకం కోసం ఈ మధ్య బిగించిందని అర్థం. కడియం నర్సరీల మొక్కలు మోసిన బండికి పైన కప్పు కోసం వంచిన ఇనుప కమానులు ఉంటాయి. వాటి కాళ్ళు దిగే గొట్టాలు తొట్టి పక్కలకి వెల్డింగు చేసి ఉంటాయి, కమానులు పోయినా గొట్టాలు మిగులుతాయి.

చేపలూ రొయ్యల బండ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులు 1990ల మొదట్లో ఊపందుకున్నాయి. ఐసు కరిగిన ఉప్పునీరు తొట్టిలో నిలవకుండా వెనక మూలలో బెజ్జం పెట్టి కింద గొట్టం దించారు. కంపెనీ తొట్టికి అలాంటి బెజ్జం లేదు. అది కనిపిస్తే ఆ మార్పు రొయ్యల కాలందే అయ్యుంటుందని చెప్పొచ్చు. ఆ గొట్టం ఎక్కడికి వదిలారో మాత్రం తప్పక చూడండి. చాసిస్సు దూలం మీదకి వదిలి ఉంటే ఉప్పు దాన్ని తినేస్తుంది. సుత్తితో చిన్నగా కొట్టి వినండి. మోత మొద్దుగా ఉంటే అక్కడ పట్టీ వేయించాలి. చాసిస్సు విషయంలో నేను మెతకగా చెప్పను, ప్రాణంతో పని. పట్టీ వేయించండి గాని, ఆ వంకతో తొట్టి మార్పించకండి.

రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ల మీద మనుషుల్ని మోసిన జీపుకి వెనక నిలబడే పట్టె, పైన పట్టుకునే కడ్డీ ఉంటాయి. కడ్డీ పెయింటు చేతులు పట్టిన చోట అరిగి ఇనుము మెరుస్తుంది. ఆ మెరుపు మీద రంగు వేయకండి, కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు.

బండ్లని ఏరు దాటించే పంటు గురించి కూడా ఒక మాట. నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో పంటు ఎక్కి దిగే బండికి వాలు దగ్గర తోక నేలకి తగులుతుంది. వెనక బంపరు కింద నిలువు గీతలుంటే, లేదా బంపరు విప్పి పైకి లేపి బిగించి ఉంటే, అది ఏటి అవతలికి తిరిగిన బండి. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేదాకా ఆ వైపు వాళ్ళకీ పంటే గతి. స్ప్రింగు పట్టీల కమాన్ కట్టలో అదనపు పట్టీ వేయడమూ ఇలాంటి పనే. దాని చివర కోత మిగతా పట్టీల కోతతో కలవదు, చూడగానే తెలుస్తుంది. ప్రయాణం కుదుపుగా ఉంటుందని అది తీయిస్తామంటారు, తీయించకండి.

పెట్రోలు ఇంజను కోసం వెతక్కండి

హరికేన్ పెట్రోలు ఇంజనుతో ఉన్న జీపుకి బజారులో ధర ఎక్కువ. డీజిలు ఇంజను ఎక్కించిన దానికి తక్కువ. నా సలహా డీజిలుదే కొనమని.

1973లో చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు జీపు తిప్పడం మోయలేని ఖర్చయింది. మహీంద్రా కూడా ఇంటర్నేషనల్ ట్రాక్టరు డీజిలు ఇంజనుని జీపులో పెట్టి అమ్మింది. బయట మేస్త్రీలూ అదే పని చేశారు, ట్రాక్టరుదో, తర్వాత మెటాడోర్‌దో, దొరికిన ఇంజను ఎక్కించారు. కంపెనీ చేస్తే మోడలు అయింది, మేస్త్రీ చేస్తే కల్తీ అయింది. ఈ తేడా నేను ఒప్పుకోను.

అయినా ఏది ఎవరు చేశారో తెలుసుకోవాలి గదా. ఇంజను కూర్చున్న పీటలు చూడండి. కంపెనీవైతే రెండు పక్కలా ఒకే తీరుగా, అంచులు నున్నగా ఉంటాయి. బయట చేసినవి మందపాటి ప్లేటుని గ్యాసుతో కోసి చాసిస్సుకి వెల్డింగు చేసినవి, అంచులో కోత గరుకు తెలుస్తుంది. రేడియేటరు ముందుకి జరిగి ఉంటుంది, రేకు గోడ ఎక్కడో లోపలికి నొక్కి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఇరికించిన ప్లేటు. ఇంజను బోల్టుల వరస ఒకటి, గేరుబాక్సుది ఇంకొకటి. రెండిటినీ కలపాలంటే లేత్ మీద ఒక ప్లేటు తయారు చేయాలి.

ఆ ప్లేటు దగ్గర కూర్చుని చూడండి. ఇంజను క్రాంకూ గేరుబాక్సు షాఫ్టూ ఒకే గీతలో నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్చు అరుగుతుంది, బేరింగు అరుస్తుంది, కొన్నాళ్ళకే బండి నిలబడిపోతుంది. కంపెనీ డ్రాయింగు లేకుండా, చేతి కొలతతో కోసిన ప్లేటు ముప్ఫై ఏళ్ళు బరువు మోసి ఇవాళ్టికీ చప్పుడు చేయడం లేదంటే, దాన్ని ‘ఒరిజినల్ కాదు’ అని తీసి పారేయమని ఏ మొహంతో చెబుతాం?

మరీ కంపెనీలా ఉంటే అనుమానించండి

“ఆయ్, స్క్రూ కూడా విప్పలేదండి బాబూ, కంపెనీ దించినట్టే ఉంది” అని బ్రోకరు అన్నాడంటే మీరు రెండడుగులు వెనక్కి వేయండి. ఉప్పుగాలి, వరద, ఐసు నీళ్ళు, అరటి పసరు ఉన్న చోట ఆరు దశాబ్దాలు తిరిగిన రేకు అలా ఉండదు. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత జీపులకి కొత్త బాడీలు కట్టే పనికి దేశమంతా పేరుపడింది. ఏడు గాడుల ముఖం, ఎత్తు బానెట్టు, అన్నీ అచ్చుగుద్దినట్టు వస్తాయి. పని బాగానే చేస్తారు, ఆ పనివాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ అలా వచ్చిన బండిలో అన్నిటికన్నా ఆలస్యంగా జరిగిన మార్పు ఆ ‘ఒరిజినల్’ రూపమే. స్పానర్లు తీయండి. బాడీ బోల్టులన్నీ 13, 14, 17 ఎం.ఎం. అయితే, స్పాట్ వెల్డింగు నొక్కులు ఎక్కడా లేకపోతే, నంబరు పలకని పట్టిన స్క్రూలు మెరుస్తుంటే, బయటికి రండి.

రంగు గురించి ఎక్కువ చెప్పను. పెయింటరు చేత్తో రాసిన అన్నవరం సత్యదేవుడి పేరూ, ఊరి పేరూ, పిల్లల పేర్లూ ఉన్న పెయింటుని ఎట్టి పరిస్థితుల్లోనూ గోకించకండి. కింద కంపెనీ రంగు ఉన్నా సరే.

కాగితాల సంగతి

ఒక్క విషయంలో మాత్రం నేను అందరి మాటే చెబుతాను. ఇంజను మారిన బండైతే ఆ మార్పు ఆర్సీ బుక్కులో ఆర్టీవో సంతకంతో ఎక్కిందా చూడండి, బ్లాకు మీది నంబరూ బుక్కులోదీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే బండి ఎంత ముద్దొచ్చినా కొనకండి. ఎక్కి ఉంటే, ఆ ఎంట్రీ అమెరికా వాళ్ళ డ్యాష్‌బోర్డు జాబితాకి ఏమీ తీసిపోదు. ఏ ఇంజను, ఏ తేదీన, ఏ ఆఫీసులో అన్నీ అందులో ఉంటాయి. ప్లాస్టిక్ కార్డు వచ్చిందని పాత బుక్కు పారేసిన వాళ్ళు ఉంటారు, అమ్మేవాళ్ళ ఇంట్లో బీరువా వెతికించండి.

కొత్తగా ఇంజను మార్చాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రికార్డుకెక్కిన పాత మార్పులు మరింత విలువైనవని నేననడానికి ఇదీ ఒక కారణం. వాటిని చేసిన రోజులు పోయాయి.

2021 జులైలో కేంద్రం వింటేజి బండ్ల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన సొంత వాడకం బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. షరతు ఏమిటంటే చాసిస్సులో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కడానికీ వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలు పోయించుకోవడానికీ మరమ్మతుకీ, అలాంటి వాటికీ మాత్రమే. ఆ నంబరు కోసం తొట్టి కోయించి, డీజిలు ఇంజను దింపించి, ఎక్కడిదో పెట్రోలు ఇంజను తెచ్చి పెట్టించే ఆలోచన మీకు ఉంటే, ఇప్పుడే మానుకోండి. ఇప్పుడున్న మామూలు రిజిస్ట్రేషనునే రెన్యువలు చేయించుకుంటూ తిప్పండి. మన గోదావరి జిల్లాల్లో పని చేసిన బండిని ఆ నిబంధన వింటేజి కాదంటుంది, ఆ నిబంధనే మారాలి. వింటేజి క్లబ్బుల్లో ఉన్నవాళ్ళు ఈ మాట రవాణా శాఖకి రాతపూర్వకంగా పంపాలని కోరుతున్నాను.

కాకినాడలోనో, తణుకులోనో, అమలాపురంలోనో కర్ర తొట్టి జీపు అమ్మకానికుందని తెలిస్తే వెంటనే వెళ్ళండి. తొట్టి విడిగా, బండి విడిగా అమ్ముతామంటే ఒప్పుకోకండి. తొట్టితో సహా, డీజిలు ఇంజనుతో సహా, పాత ఆర్సీ బుక్కుతో సహా మొత్తం కొనండి.